సంగమే తోడు



ఇష్టలింగమును కరస్థలమున నుంచుకొని, “ఇక త్రాగను” అని ప్రమాణము చేసినవాడు వారము తిరుగకమునుపే తప్పుటను మనము చూచుచున్నాము. ప్రమాణము అసత్యము కాదు, అది ఒంటరిది. సాయంకాలము మద్యపుటంగడి యెదుట ఒంటరి ప్రమాణము నిలువజాలదు.

పన్నెండవ శతాబ్దమున కల్లు అమ్మి జీవించిన హెండద మారయ్యను శరణసంగము తనలో చేర్చుకొనెను. వృత్తిని చూచి తలుపు మూయలేదు.

1935లో అమెరికాలోని ఏక్రన్ పట్టణమున త్రాగుడుకు లోబడిన ఇరువురు, ఒక వ్యాపారి, ఒక వైద్యుడు, తమ బాధను ఒకరికొకరు చెప్పుకొని నిలదొక్కుకొనిరి. ‘ఆల్కహాలిక్స్ అనానిమస్’ సంఘమునకు అదియే మూలము. మన దేశమునను దాని సమావేశములు జరుగుచున్నవి. రుసుము లేదు, కులమతముల విచారణ లేదు, మానవలెనను కోరికయే అర్హత. అచట విన్న పేరు గడప దాటరాదు. కుటుంబమువారికి ‘అల్-అనాన్’ వేరుగా కలదు.

అయితే చిరకాలము మిక్కిలిగా త్రాగినవాడు వైద్యుని సలహా లేక ఒక్కసారిగా మానరాదు. వణుకు, మూర్ఛ, మతిభ్రమ కలిగి ప్రాణాపాయము రావచ్చును. సలహాకు 14446 అను ప్రభుత్వ ఉచిత దూరవాణి కలదు.

మఠములకు మా విన్నపము: ప్రమాణము చేయించి పంపివేయవలదు. సమీపమున సమావేశము జరుగు చోటు, వేళ తెలిసికొని యుంచుడు. మొదటినాడు గడపవరకు ఒకరు వెంట నడువుడు. అదియు దాసోహమే. మరల జారి వచ్చినను తలుపు మూయకుడు.

శరణు శరణార్థి.