లెక్క చెప్పని ప్రేమ

నా ఇంజనీరింగ్ కోసం నాన్న అర ఎకరం అమ్మాడని నాకు ఉద్యోగం వచ్చిన రెండేళ్లకి తెలిసింది. కౌన్సెలింగప్పుడు డబ్బెలా అని అడిగితే, "నీకెందుకురా అవన్నీ, నువ్వు చదువుకో" అన్నాడు. అది ప్రేమే, అనుమానం లేదు. న్యాయమేనా?

కాలేజీ ఎంచుకునేటప్పుడు ప్లేస్‌మెంట్ల గురించి పదిమందిని వాకబు చేస్తాం. తేడా కొడితే ఇంట్లో ఏం మిగులుతుందని మాత్రం అడగం. ఒకే క్లాసులో కన్వీనర్ కోటాకి ఒక ఫీజు, మేనేజ్‌మెంట్ కోటాకి ఇంకో ఫీజు. తెలంగాణలో ర్యాంకు 10,000 దాటితే చాలామందికి రీయింబర్స్‌మెంట్ 35,000 దగ్గర ఆగిపోతుంది. మిగతాది ఇంటిదే.

ఇల్లంటే నాన్నొక్కడే కాదు. అది తాత నుంచి వచ్చిన పొలం. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకీ వాటా ఉందని 1986లోనే ఎన్టీఆర్ ప్రభుత్వం చట్టం చేసింది. అంటే నా సీటుకి చెల్లి కూడా ఫీజు కట్టింది. తను మాత్రం దగ్గర్లోని డిగ్రీ కాలేజీలో బీకాం చేసింది.

పదిహేడేళ్ల పిల్లాడి నెత్తిన ఈ లెక్కలెందుకు అంటారు. నిజమే, బరువే. కానీ దాచినంత మాత్రాన ఆ బరువు తగ్గలేదు. నా దగ్గరికి ఆలస్యంగా వచ్చింది, చెల్లి మీద చెప్పకుండా పడింది. చదువు అప్పుకి బ్యాంకు కూడా పిల్లాడి సంతకం, తండ్రి సంతకం రెండూ అడుగుతుంది. ఆ మాత్రం మర్యాద ఇంట్లో ఉండొద్దా? అందరూ కూర్చుని లెక్క చూసుకున్నాక కూడా అదే కాలేజీ అనుకుంటే అది త్యాగం. లేకపోతే నిర్ణయం ఒకరిది, ఖర్చు ఇంకొకరిది.

చెల్లి ఈ మాట ఎప్పుడూ ఎత్తలేదు. ఎత్తాల్సింది నేను.