కుక్కకు జలకాలాటలా?

"మనుషులకే నీళ్ళు లేక ఏడుస్తుంటే కుక్కకు తొట్టిస్నానాలా!" అని ఎవరైనా ముక్కుమీద వేలేసుకుంటే తప్పు పట్టలేం. అందులోనూ పుట్టపర్తిలాంటి చోట. అనంతపురం సీమలో ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. చిత్రావతి పేరుకు నదే గాని, చాలాకాలం కనిపించేది ఇసుకే. 1990ల మధ్యలో సత్యసాయి ట్రస్టు పథకం వందలాది ఊళ్ళకు తాగునీళ్ళు తెచ్చింది. అంతకు ముందు బిందె విలువ ఎంతో ఇక్కడి ఆడవాళ్ళనే అడగాలి.

మరి ఆ తొట్టిస్నానం సంగతేమిటి? బండి కింద పడి నడుం దెబ్బతిన్న కుక్క వెనక కాళ్ళు ఈడ్చుకుంటూ పోవటం మీరూ చూసే ఉంటారు. దాన్ని గోరువెచ్చని నీళ్ళలో తుంటిదాకా నిలబెడితే, కాళ్ళమీద పడేది ఒంటి బరువులో సుమారు 38 శాతమేనని 2010లో అచ్చయిన ఒక పరిశోధన తేల్చింది. మిగతా బరువు నీళ్ళే మోస్తాయి. నేలమీద లేవలేనిది నీళ్ళలో మెల్లగా అడుగు వేస్తుంది. కండ చిక్కిపోకుండా నిలుస్తుంది. అంటే ఇది సోకు కాదు, మందు.

మహాభారతంలో ధర్మరాజు ద్రౌపదీ, తమ్ముళ్ళూ దారిలో పడిపోయినా ఆగకుండా నడిచాడు. చివరికి కుక్కను మాత్రం వదలనన్నాడు. ఇదేం న్యాయమని ఇంద్రుడే నిలదీశాడు. పోయినవాళ్ళను నేను బతికించలేను, బతికుండి నన్ను నమ్ముకున్నదాన్ని విడవలేను అన్నది ఆయన జవాబు సారం. కుక్క మనిషికంటే ఎక్కువని ఆయన అనలేదు. చెయ్యగలిగిన మేలు మానటం మాత్రం తప్పన్నాడు.

అలాగని పక్కింటి బిందె లాక్కుని తొట్టి నింపితే అది దయ అనిపించుకోదు. దాహం ముందు, వైద్యం తర్వాత. కాని నిజంగా పోటీ బిందెకూ తొట్టికీనా? తొట్టినీళ్ళను వడకట్టి మళ్ళీ వాడుకోవచ్చు. చివరికి చెట్టుకు పొయ్యొచ్చు. మనం బండ్లు కడగటానికీ, వాకిట్లో ధారపోయటానికీ వాడే నీళ్ళను ఎవరూ లెక్క అడగరు. కుక్క దగ్గరికి వచ్చేసరికే అందరికీ కరువు గుర్తొస్తుంది!

పుట్టపర్తి దగ్గర కరుణా సొసైటీ 2000 సంవత్సరంలో మొదలై, దిక్కులేని జంతువులకు వైద్యం చేస్తూ వస్తోంది. కరువు సీమలోనే ఆ పని సాగుతోంది, చూడండి. తొట్టి లేకపోతే పశువుల డాక్టరును అడిగి, పొట్టకింద తువ్వాలు వేసి పట్టుకుని నాలుగడుగులు నడిపించవచ్చు. దానికి చెంబెడు నీళ్ళు కూడా అక్కర్లేదు, కాస్త ఓపిక ఉంటే చాలు. అదీ కరువేనంటారా?