పొగ లేని నిప్పు

ఆత్మ ఉందనడానికి న్యాయదర్శనం చూపే ఆధారాల్లో జ్ఞాపకానికి పెద్దపీట ఉంది; కంటితో చూసినదాన్నే ఇప్పుడు చేత్తో తాకుతున్నానని గుర్తుపట్టాలంటే ఆ రెండు అనుభవాలకూ యజమాని ఒక్కడే అయి ఉండాలని నైయాయికుల వాదం. వైద్యులు డిమెన్షియా అనే మతిమరుపు వ్యాధి సరిగ్గా ఈ గుర్తునే చెరిపేస్తుంది గనుక, అది పోయాక మిగిలింది ఎవరన్న ప్రశ్న పండితగోష్ఠి దాటి ఇళ్లలోకి వస్తుంది.

ఆ వ్యాధిని రక్తంపై కాంతి ప్రసరింపజేసి పసిగట్టే పరిశోధనలు కొంతకాలంగా సాగుతున్నాయి. ఒకే రంగు కాంతి అణువులను తాకి చెదిరినప్పుడు అందులో అత్యల్పభాగం రంగు మారుతుందనీ, ఆ మార్పు అణువునుబట్టి ఉంటుందనీ 1928లో కలకత్తాలో సి.వి. రామన్, కె.ఎస్. కృష్ణన్ కనుగొన్నదే ఇందులో ఒక పద్ధతికి మూలం. జర్మనీలోని బోకుమ్ పరిశోధకులు మరో దారిలో, పరారుణ కాంతితో, అమైలాయిడ్ బీటా అనే ప్రొటీను మడత తప్పడాన్ని లక్షణాలు బయటపడడానికి ఏళ్ల ముందే రక్తంలో గుర్తించారు.

అయితే కాంతి చూపేది కూడా గుర్తే, వ్యాధి కాదు. గుర్తునుంచి వస్తువును ఊహించే అనుమానప్రమాణానికి వ్యాప్తి, అంటే ఆ రెంటి తప్పని సాహచర్యం, కావాలి. మధ్యలో మరో కారణం, అంటే ఉపాధి, దూరితే అనుమానం చెడుతుంది. ఎక్కడివారి రక్తంతోనో కట్టిన కొలమానాన్ని మధుమేహమో రక్తహీనతో ఉన్న, సత్యసాయి జిల్లా ముదిగుబ్బ రైతుకు పరీక్షించకుండా వర్తింపజేస్తే, నైయాయికుడు మొదట అడిగేది ఆ ఉపాధి సంగతే.

ఇదే తర్కం రోగి పక్షానా నిలుస్తుంది. పొగ లేదు కాబట్టి నిప్పు లేదనడం చెల్లదు. ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పుంటుంది, పొగ ఉండదు. పింఛను సొమ్ము తలగడ కింద దాచి, ఇంకా రాలేదని కోడలిని నిలదీసే వృద్ధుడు, ఇంట్లో అందరూ చాదస్తమని కొట్టిపారేసినా, వేరుశనగ కాయను చెవి దగ్గర ఆడించి గింజ నిండిందో లేదో చెప్పగలడు. జ్ఞాపకమనే లింగం, అంటే గుర్తు, లోపించినంతలో లింగి, అంటే ఆ గుర్తు సూచించే ఆత్మ, లోపించినట్టు కాదు.

వ్యాధిని వెనక్కి మళ్లించే మందు లేనప్పుడు ముందే తెలిసి లాభమేమిటన్న ఆక్షేపణ బలమైనదే. కాని పొలం ఎవరి పేర ఉండాలో, తాను ఎవరి ఇంట ఉండాలో ఆ పెద్దాయన నోటనే తేల్చుకునే వ్యవధి దానివల్ల చిక్కుతుంది. పరీక్ష సంగతీ అంతే. ఆయన వద్దంటే ఆ చుక్క రక్తం తీయించే అధికారం కొడుకులకు లేదు.