విహారయాత్రలో విసుగు

మనుష్యుడు విశ్రాంతి కొరకు ఇల్లు విడిచి, విశ్రాంతి లేనివాడై తిరిగి ఇల్లు చేరుట ఈ కాలపు వింతలలో ఒకటి. ఏడాది పొడవున కూడబెట్టిన డబ్బు, అడిగి తెచ్చుకొన్న సెలవు, బిడ్డలు వేళ్లమీద లెక్కపెట్టుకొన్న దినములు, ఇవన్నియు ఒకచోట కూడిన ఆ నాలుగు రోజులలోనే చాల ఇండ్లలో భార్యాభర్తలు మాటలు విసరుకొందురు. తండ్రి చేయి బిడ్డ వీపుమీద పడుటయు అప్పుడే. ఇది కేవలము అలసటయేనా, లేక అలసటను సాకుగా చేసికొని వెలుపలికి వచ్చిన మరియొక సంగతియా అన్నది ఆలోచింపదగిన ప్రశ్న.

2024లో శ్రీ విజయపురమని పేరు మార్చబడిన పోర్టుబ్లెయిరు నగరములో డైరీ ఫార్మ్ అను పేట కలదు. అండమాను దీవులలో తెలుగువారు, ముఖ్యముగా ఉత్తరాంధ్ర జిల్లాలనుండి వచ్చినవారు, తరములుగా కాపురముండుచున్నారు. అట్టి కుటుంబమొకటి డైరీ ఫార్మ్‌లో ఉన్నదని ఊహించుకొనవచ్చును. వేసవి సెలవులలో బిడ్డలకు హైదరాబాదు చూపింపవలెనని వారి సంకల్పము. విశాఖపట్నమునకు ఓడలో సుమారు మూడు దినములు, అచ్చటనుండి రైలు, బంధువుల ఇంట ఒక రాత్రి. తుదకు 1996లో వెలసిన రామోజీ ఫిలింసిటీకో, 2016లో రావిర్యాలయొద్ద తెరువబడిన వండర్‌లాకో చేరుదురు. తల్లి తెల్లవారుజామున లేచి కట్టిన పులిహోరను ద్వారమునొద్దనే ఆపివేయుదురు. పెద్దవాడు ఎక్కగోరిన బండికి చిన్నవాని ఎత్తు రెండంగుళములు తక్కువ. నాయనమ్మ నీడ వెదకుకొనుచు కూర్చుండిపోవును. ఐదు నిమిషముల సవారి కొరకు గంటసేపు ఎండలో నిలుచుట. మధ్యాహ్నము మూడింటికి చిన్నవాడు ఏడ్పు మొదలుపెట్టును. అప్పుడు తండ్రి నోటినుండి ఆ మాట వచ్చును: “ఇంత డబ్బు పోసి తీసుకొస్తే ఏడుస్తావేంట్రా?”

ఎదురు దిక్కునుండి వచ్చువారి సంగతియు ఇట్టిదే. కేంద్ర ప్రభుత్వోద్యోగులు తమ సెలవు ప్రయాణ రాయితీపై విమానములో అండమానునకు పోవుటకు ప్రత్యేక సడలింపు కలదు గనుక, ఎన్నో కుటుంబములు ఆ దీవులకు పోవుచున్నవి. వండూరునొద్ద 1983లో ఏర్పడిన మహాత్మాగాంధీ సముద్ర జాతీయోద్యానవనములోని జాలీబాయ్ దీవిని చూడవలెనన్న ముందుగా అనుమతి కావలెను. ప్లాస్టిక్కు వస్తువులు తీసికొనిపోరాదు. పడవ కదలిన కొంతసేపటికే ఎవరో ఒకరికి వాంతులు. చలికాలమున సాయంకాలము ఐదు గంటల ప్రాంతముననే ప్రొద్దు క్రుంకును. కావున చూడవలసినవాటి జాబితా సగములో ఉండగానే చీకటి పడును. అక్కడను అదే మాట వినబడును.

ఈ చిక్కులు నిర్వాహకుల చేతకానితనమువలన మాత్రమే కలుగునని అనుకొనరాదు. అమెరికాలో డిస్నీలాండు 1955 జూలై 17న తెరువబడిన దినమున నకిలీ టిక్కెట్లతో వేలాదిమంది లోపలికి వచ్చిరి. ఎండకు కొత్త తారు మెత్తబడి స్త్రీల చెప్పుల మడమలు అందులో దిగబడెను. కొళాయిపనివారి సమ్మెవలన త్రాగునీటికి కటకట ఏర్పడెను. అంత ధనమును, అంత నేర్పును ఉన్నచోటనే అట్లు జరిగెను. వేలమంది ఒకే దినమున, ఒకే చోట, ఒకే ఆనందమును కోరి చేరినప్పుడు, వేచియుండుట ఆ ఆనందములో ఒక భాగమగును. దానిని తీసివేయుట ఎవరివలనను కాదు.

అయితే వేచియుండుట ఒకటి, విసుగు మరియొకటి. బియ్యపు దుకాణమునొద్ద గంటసేపు ఓర్పుతో నిలిచినవాడే ఇచ్చట పావుగంటకు మండిపడుచున్నాడు. ఏలయనగా అతడు కొన్నది టిక్కెట్టు మాత్రమే కాదు. తన కుటుంబపు సంతోషమునే కొంటినని అతడు తలంచుచున్నాడు. కొన్న సరుకు తక్కువ తూగినప్పుడు కోపము వచ్చుట సహజము. ఆ కోపము పార్కు యజమానిని చేరదు. చేతికందిన బిడ్డను చేరును.

తండ్రి పలికిన ఆ మాటను మరల పరిశీలింపవలెను. ఇంటినుండి బయలుదేరునప్పుడు ఆ యాత్ర బిడ్డకు ఒక బహుమానము. “ఇంత డబ్బు పోసి” అన్న క్షణమున అది అప్పుగా మారిపోయినది. ఆ అప్పును నవ్వులతో తీర్చవలసిన బాధ్యత ఏడేండ్లవానిపై పడినది. తాను అడుగని అప్పును తీర్చలేక వాడు మరింత ఏడ్చును. తండ్రి దుష్టుడు కాడు. ఆ డబ్బు నిజముగా కష్టార్జితమే. రెండేండ్లు ఒక చొక్కా మానుకొని కూడబెట్టినదై ఉండవచ్చును. బిడ్డలకు కృతజ్ఞత నేర్పవద్దా అని అతడడుగవచ్చును. నేర్పవలసినదే. కాని కృతజ్ఞతను నేర్పుట వేరు, వసూలుచేయుట వేరు. ఇంటియొద్ద నెమ్మదిగా కూర్చుండి ఖర్చు ఇంత అని చెప్పిన బిడ్డ గ్రహించును. ఎండలో, నలుగురి యెదుట చెప్పిన, తాను భారమైతిననియే గ్రహించును.

ఇక వరుసను గూర్చి ఒక ప్రశ్న. డిస్నీవారు 1999లో ముందుగా వేళ నిర్ణయించుకొను పద్ధతిని ఉచితముగా ప్రవేశపెట్టిరి. 2021లో దాని స్థానమున డబ్బు చెల్లించు పద్ధతి వచ్చెను. మన దేశములోను ఎక్కువ వెల పెట్టినవారికి వేరు వరుస గల పార్కులున్నవి. ఇది దొంగతనము కాదు. ప్రకటించిన వెలకే అమ్ముచున్నారు. అయినను బండిలో ఆసనములు పెరుగలేదు. ఒకడు మిగుల్చుకొన్న అరగంట మరియొకని అరగంటలోనుండి వచ్చినదే. నడువలేని నాయనమ్మను ముందునకు పంపినప్పుడు వరుసలో ఎవరును నొచ్చుకొనరు, అవసరము కంటికి కనబడును గనుక. డబ్బు సంచిని ముందునకు పంపినప్పుడు, “నాన్నా, వాళ్లెందుకు ముందు వెళ్తున్నారు?” అని బిడ్డ అడుగును. తండ్రి ఇచ్చు జవాబును వాడు పెద్దవాడైన తరువాతను మరువడు. చేతిలో డబ్బున్నను సాధారణపు వరుసలోనే నిలుచుట, వీలైనంతవరకు, ఆ ప్రశ్నకు తగిన జవాబు.

విశ్రాంతిదినమును గూర్చిన ఆజ్ఞలో ఒక విశేషము కలదు. అది ఇంటి యజమానునితో ఆగిపోక, దాసుని, దాసిని, పశువును, ఇంటనున్న పరదేశిని కూడ లెక్కలోనికి తెచ్చెను. ఒకని విశ్రాంతి మరియొకని నడుము విరుచునదిగా ఉండరాదని దాని భావము. వినోదవనములో బండి మీట లాగువాడు, మరుగుదొడ్లు కడుగు స్త్రీ, పడవవాడు, టిక్కెట్టు గదిలో చెమటలు క్రక్కు యువకుడు, వీరికి ఆ దినము సెలవు కాదు. విసిగిన యాత్రికుని కేక మొదట తగులునది వీరికే. వారితో మాటలాడు తీరునుబట్టి ఒక కుటుంబము నిజముగా విశ్రమించుచున్నదా లేదా అని చెప్పవచ్చును.

1906లో పూర్తియైన సెల్యులార్ జైలు ఆవరణములో సాయంకాలపు వెలుగు-ధ్వని ప్రదర్శనకు నేడు కుటుంబములు బారులు తీరుచున్నవి. ఆ గదులను చూపి, “వీరి కష్టముముందు నీదేపాటిది?” అని కాళ్లు నొచ్చుచున్న బిడ్డను గద్దించుట న్యాయము కాదు. పెద్ద దుఃఖము చిన్న నొప్పిని మాన్పదు. ఆ గోడలు మందలింపదగినది పెద్దవారినే. సంకెళ్లతో సముద్రము దాటించబడినవారిలో ఎందరికో తమ బిడ్డలతో గడుపుటకు ఒక్క దినమైనను ఇయ్యబడలేదు. ఇయ్యబడిన దినమును జాబితాతోను లెక్కలతోను పాడుచేసికొనుట ఎంత తెలివిమాలినతనము!

కావున ప్రయాణమునకు ముందే జాబితాలో రెండు తీసివేయుట మేలు. బిడ్డకు ఏడ్చుటకును, నాయనమ్మకు కూర్చుండుటకును, వానకు కురియుటకును చోటు మిగిల్చిన యాత్ర అంత సులభముగా చెడదు. ఓడ పైతట్టుమీద ఎగురుచేపలను చూచుచు మరమరాలు పంచుకొని తిన్న గంటకు టిక్కెట్టు లేదు గనుక, దానినుండి ఎవరును ఏమియు వసూలుచేయ తలపెట్టలేదు. కుటుంబము విశ్రమించినది ఆ గంటలోనే. అదే మనస్సును పార్కు ద్వారము లోపలికిని తీసికొనిపోవుట సాధ్యము కాదా? దానిని ఏ కాపలావాడును ఆపడు.