తలవ్రాత – పొరుగు పాత్ర

కన్నడదేశమున నున్నను తెలుగు మాట వినవచ్చు పావగడలో శనైశ్చరాలయము కలదు. తలవ్రాతకు వెరచి అచ్చటికి వచ్చువారనేకులు. మరి ఆ వ్రాత పుట్టుకకు ముందే ముగిసినదా? పిండశాస్త్రము చెప్పు సమాధానము ఆలోచింపదగినది.

జర్మనీలో హిల్డె మాంగోల్డ్, హన్స్ స్పెమాన్ అను శాస్త్రజ్ఞులు న్యూట్ అను ఉభయచరముపై జరిపిన ప్రయోగమును 1924లో ప్రకటించిరి. ఒక పిండమున వీపువైపు నుండి చిన్న తునుకను తీసి, మరియొక పిండము పొట్టవైపున నాటిరి. అచ్చట రెండవ వెన్ను, రెండవ దేహము రూపొందెను. పొట్టచర్మము కావలసిన ఆశ్రయపిండపు కణములే నాడీమండలమైనవి!

ఆ తునుకవంటి భాగము కప్పపిండమున స్రవించు కార్డిన్ అను ప్రొటీనును 1994లో గుర్తించిరి. అది "మెదడు కమ్ము" అని కణమును శాసింపదు. చర్మము కమ్మని ఒత్తిడిచేయు బి.ఎం.పి. అను మరియొక ప్రొటీనును పట్టి నిలుపును. ఆ ఒత్తిడి తగ్గినచోట కణము తనలోని శక్తిచే నాడియగును.

కణమునకు ఇచ్ఛ లేదు, మనకు కలదు. కావున పిండమునుండి నీతిని యథాతథముగా గ్రహింపరాదు. అయినను, వెనుకబడిన బిడ్డను జూచి "వాని వ్రాత యింతే" యనుటకు ముందు, వానిని అణచుచున్నదేదో, దానిని ఆపుటకు పొరుగువారమైన మనమేమి చేసితిమో ప్రశ్నించుకొనవలదా?