అది వైరాగ్యమా, దిగులా?

ఈ వారం వీడియోలో వానప్రస్థం గురించి చెప్పుకున్నాం కదా. టైమ్ సరిపోక వదిలేసిన ప్రశ్న ఒకటుంది. ఇంట్లో పెద్దవాళ్లు తిండి తగ్గించేసి, ఎవరితోనూ మాట్లాడకుండా, "ఇంక నాకేం కావాలిరా" అంటుంటే, "పెద్దతనం, వైరాగ్యం వచ్చింది" అనేసుకుంటాం. నిజంగా అది వైరాగ్యమేనా?

మహాభారతంలో ఆశ్రమవాస పర్వం చూడండి. యుద్ధమయ్యాక ధృతరాష్ట్రుడు 15 ఏళ్లు ధర్మరాజు నీడలోనే ఉన్నాడు. భోగాలకి, మర్యాదకి ఏ లోటూ లేదు. కానీ 100 మంది కొడుకులు పోయారు, చూపు లేదు, రాజ్యం లేదు. పైగా భీముడి సూటిపోటి మాటలు. ఆయన గుట్టుగా తిండి తగ్గించి నేల మీద పడుకోవడం మొదలుపెట్టాడు. అడవికి పోతానని అడిగిన రోజున గానీ ఆ సంగతి ధర్మరాజుకి తెలియలేదు. ఇంత బాధ తెలుసుకోలేకపోయానే అని తనని తానే నిందించుకున్నాడు.

ఒకే ఇంట్లో ఉన్న ధర్మరాజుకే తెలియలేదు. నెలనెలా డబ్బు పంపి, మందులు ఆన్‌లైన్‌లో బుక్ చేసే మనకి తెలుస్తుందా?

ధృతరాష్ట్రుడిది డిప్రెషనే అని నేననను. కానీ అయినవాళ్లు పోవడం, చూపో వినికిడో తగ్గడం, రిటైరయ్యాక మాట చెల్లకపోవడం, ఒంటరితనం, వీటితో పెద్దవాళ్లలో డిప్రెషన్ వచ్చే అవకాశం పెరుగుతుంది. పక్షవాతం, షుగరు, గుండెజబ్బు ఉంటే ఇంకా ఎక్కువ. చాలామంది "దిగులుగా ఉంది" అనరు. ఒళ్లునొప్పులు, నిద్ర పట్టట్లేదు, ఆకలి లేదు అంటారు. ఒక్కోసారి మతిమరుపులా కూడా కనిపిస్తుంది. ముసలితనంలో ఇది మామూలే అనుకోకండి. ఇది వైద్యంతో తగ్గే జబ్బు.

మరి తేడా ఎలా తెలుస్తుంది? వైరాగ్యం వచ్చినవాళ్లకి కోరికలు తగ్గుతాయి గానీ ప్రేమ తగ్గదు. మనవడు వస్తే ముఖం విప్పారుతుంది, పూజలో మనసు నిలుస్తుంది. డిప్రెషన్‌లో ఇష్టమైన పూజ మీద కూడా ఆసక్తి పోతుంది. "నేను మీకు భారం" అనే మాట వస్తుంది. రెండు వారాలు ఇలాగే ఉంటే డాక్టరుకి చూపించండి. చచ్చిపోవాలనుంది అంటే ఒక్క రోజు కూడా ఆగొద్దు. టెలి మానస్ 14416, పెద్దల కోసం ఎల్డర్‌లైన్ 14567, రెండూ ఫ్రీ. దైవభక్తికి, వైద్యానికి గొడవేం లేదు.

అమ్మానాన్నలకి ఏ లోటూ లేకుండా చూసుకుంటే మన ధర్మం తీరిపోయినట్టేనా? ధర్మరాజు అలా అనుకోలేదు. వాళ్ల మనసులో ఏముందో తెలుసుకోవడం కూడా సేవే. ఇవాళ ఫోన్‌లో "తిన్నారా, మందులేసుకున్నారా" దగ్గర ఆగకండి. "రోజంతా ఎలా గడుస్తోంది?" అని అడిగి, జవాబు పూర్తయ్యేదాకా వినండి.

శుభం.