వాడిపోయే తోరణం

దుర్గి రాతిపనికి పేరున్న ఊరు. మాచర్ల పక్కనున్న ఈ ఊరి శిల్పులు రాతిలో లతను అల్లగలరు, ఆకుకు ఈనె తీయగలరు. ఆ పనితనానికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. రాతి ఆకు పల్నాటి ఎండకు వడలదు, దానికి చీడ పట్టదు, వందేళ్ళు గడిచినా ఆకారం చెడదు. అయినా ఉగాది పొద్దున గడపకు కట్టేది రెండు మూడు రోజుల్లో వాడిపోయే మామిడాకులే. వాటి పక్కన దోపేది సాయంత్రానికే పూత రాలిపోయే వేపకొమ్మే. చెక్కుచెదరనిది అందుబాటులో ఉండగా వాడిపోయేదాన్ని ఎందుకు శుభమంటున్నాం? దాని వెనకే ఇంకో ప్రశ్న, మొదటిదానికంటే బరువైనది, నిలబడి ఉంది. ప్రాణమున్న చెట్టు నుంచి కొమ్మ విరవడం ఏ ధర్మం ప్రకారం పూజ అవుతుంది? ఈ రెండింటికీ జవాబు ఒక్కటేనని నా నమ్మకం. వాడిపోతుంది కాబట్టే ఆ కొమ్మ శుభం. వాడిపోతుందని తెలిసే కోస్తున్నాం కాబట్టి, ఎంత కోయాలి, ఎక్కడ చేయి ఆపాలి అన్న బాధ్యత కూడా మన మీదే పడుతుంది.

రెండో ప్రశ్నను తెలుగులో అందరికంటే పదునుగా అడిగినవాడు గుంటూరు సీమ కవే. కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి (1912–1992) రాసిన ‘పుష్పవిలాపం’లో, పూజకని కోయబోయిన మనిషిని పూలే నిలదీస్తాయి. అతను ఖాళీ చేతులతో వెనుదిరుగుతాడు. ఘంటసాల గొంతులో ఆ పద్యాలు విన్న తరాలకు పువ్వు తుంచడం మునుపటంత తేలిక కాలేదు. ఈ కలత ఇంకా పాతది. బౌద్ధ భిక్షువుల నియమాల గ్రంథమైన పాళీ వినయపిటకంలో చెట్టూ చేమా కోయడం భిక్షువుకు దోషం. ఆళవి అనే ఊళ్ళో ఒక భిక్షువు చెట్టు నరుకుతుంటే ఆ చెట్టులో ఉండే దేవత బిడ్డకు దెబ్బ తగిలిందని, ఆమె మొరపెట్టుకుందని, చెట్టుకూ ప్రాణముందని నమ్మే జనం కూడా ఆక్షేపించారని, అప్పుడే బుద్ధుడు ఈ నియమం పెట్టాడని కథ. దుర్గికి పొరుగునే ఉన్న నాగార్జునకొండ విహారాల్లో ఇక్ష్వాకుల కాలంలో, అంటే క్రీ.శ. మూడు, నాలుగు శతాబ్దాల్లో, మెలిగినవారు ఇలాంటి నియమాల కింద బతికినవారే. కనుక ఈ ఆక్షేపణ ఎక్కడినుంచో అరువు తెచ్చుకున్నది కాదు. చీకటి పడ్డాక చెట్టు మీద చేయి వేయొద్దనీ, ద్వాదశినాడు తులసి తుంచొద్దనీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళు చెప్పే మాటల్లోనూ ఉన్నది ఈ కలతే.

అయితే ఆ నియమం భిక్షువుకు పెట్టారు, గృహస్థుకు పెట్టలేదు. దీన్ని చిన్న తేడా అనుకోకూడదు. భిక్షువు తాను కోయడు, ఎవరో కోసి వండి పెట్టింది తింటాడు. గృహస్థు బతుకే కోతల మీద నడుస్తుంది. పల్నాటి రైతు మిరపచేలో కలుపు పీకుతాడు, పత్తి ఏరాక కట్టె పీకేస్తాడు, మేకలకు కొమ్మ నరికి రొట్ట వేస్తాడు. ఏడాది పొడుగునా ఇన్ని ప్రాణాల మీద బతుకుతూ పండుగనాటి ఒక్క కొమ్మను మాత్రం వద్దనుకుంటే చేతులు శుభ్రమైనట్టు అనిపిస్తుందేమో గానీ నిజంగా కావు. పైగా మిగతా రోజుల కోత పనిలో పనిగా, చూపు లేకుండా జరిగిపోతుంది. పండుగ కొమ్మను మాత్రం కళ్ళెదుట, గుమ్మానికి అడ్డంగా పెట్టుకుంటాం. ఇంట్లోకి వచ్చే ప్రతివాడూ దాని కిందనుంచే రావాలి. చెట్టుకు మనం పడ్డ బాకీని ఇంతకంటే బాహాటంగా ఒప్పుకునే ఆచారం ఇంకోటి నాకు కనబడదు.

కొమ్మ మీద చేయి వేయడాన్ని పుట్టుకతో ముడిపెట్టిన బొమ్మ కూడా ఈ కృష్ణాతీరపు రాతిలోనే ఉంది. అమరావతి, నాగార్జునకొండ శిల్పాల్లో సిద్ధార్థుడి జననం చెక్కినచోట మాయాదేవి ఒక చేత్తో చెట్టుకొమ్మ పట్టుకుని నిలబడుతుంది. ఆ భంగిమకు తోబుట్టువు శాలభంజిక. ఇవాళ ఆ మాట వింటే గుడి స్తంభం మీది సుందరి గుర్తొస్తుంది. కానీ పేరులో ఉన్నది విరవడం, సాలవృక్షపు పూలకొమ్మను విరవడం. అది మొదట భారతదేశపు తూర్పు ప్రాంతాల్లో పూలకాలపు వేడుక. అలాంటి ఆటల పేర్ల కోసం వ్యాకరణకర్త పాణిని ఒక సూత్రమే చేశాడు, వ్యాఖ్యాతలు ఇచ్చే ఉదాహరణల్లో శాలభంజిక ఒకటి. వేడుక మరుగునపడి బొమ్మ మిగిలింది. రాయి ఆ చేతి ఒంపును దాచిపెట్టింది గానీ కొమ్మ వాడిపోవడాన్ని దాచలేకపోయింది. ఆ పని ఏటేటా గడపే చేస్తోంది.

ఇదంతా హిందువుల ఆచారమనో బౌద్ధుల మాటనో పక్కన పెట్టడానికి వీల్లేదు. లూథరన్ మిషనరీ ఫాదర్ హేయర్ 1842లో గుంటూరు వచ్చి, 1849లో గురజాల చేరాడు. అప్పటినుంచీ పల్నాడులో క్రైస్తవం ఉంది. ఇక్కడి మట్టలాదివారం కూడా ఉగాదికి కాస్త అటూ ఇటూగానే వస్తుంది. యెరూషలేము ప్రవేశానికి గుర్తుగా మన ఊళ్ళల్లో పట్టుకునేది దొరికిన ఈతమట్టో కొబ్బరిమట్టో. అదే పండుగకు పోలండ్, ఉక్రెయిన్, రష్యాల్లో ఖర్జూరం మొలవదు కనుక విల్లో కొమ్మ కోస్తారు. మంచు పూర్తిగా కరగకముందే, ఆకైనా రాకముందే, మెత్తటి నూగుతో బూడిదరంగు మొగ్గలు తొడిగే చెట్టది. గుడిలో ఆశీర్వదించిన ఆ కొమ్మను ఇంటికి తెచ్చి దేవుడి పటం దగ్గర మరుసటేడు దాకా ఉంచుతారు. గ్రంథంలో ఉన్నది ఖర్జూరమట్ట, చేతిలో ఉన్నది విల్లో, అయినా లోటని ఎవరూ అనరు. దీన్నిబట్టి పవిత్రత చెట్టు జాతిలో లేదని తేలుతోంది. ఆ నేల మీద, ఆ వారంలో ఏది చిగిర్చిందో దానిలో ఉంది.

అందుకే ప్లాస్టిక్ తోరణం మీద నా అభ్యంతరం కాలుష్యం దగ్గర ఆగదు. చెట్టును బాధపెట్టడం లేదు కదా, ఒకసారి కొంటే పదేళ్ళు వస్తుంది కదా అనే వాదన వినడానికి కరుణగానే ఉంటుంది. కానీ ఉగాది చంద్రుడి లెక్కన వస్తుంది: 2023లో మార్చి 22, 2024లో ఏప్రిల్ 9, 2025లో మార్చి 30. వేపకు ఆ లెక్క పట్టదు, ఎండను బట్టి, నేలలోని తడిని బట్టి పూస్తుంది. ఒక ఏడు పండుగకే పూత రాలిపోతుంది, ఒక ఏడు ఇంకా మొగ్గ మీదే ఉంటుంది. పచ్చికొమ్మ కోసం చెట్టు దగ్గరకు వెళ్ళినవాడికి ఆ ఏటి కాలం తెలుస్తుంది. పంచాంగం చెప్పినది ఒకటైతే చెట్టు చెప్పేది ఇంకొకటి, పండుగ ఈ రెంటి మధ్యా జరగాలి. ప్లాస్టిక్ ఆకు ఏ ఏడైనా ఒకే మాట చెబుతుంది, కనుక ఏమీ చెప్పనట్టే. ఇక మామిడాకులు ఇంట్లో ఆక్సిజన్ నింపుతాయని చేసే సమర్థన అక్కర్లేనిది, నిలవనిది కూడా. తెంపిన పది ఆకులు ఇంటి గాలిని ఏమంత మార్చలేవు. ఆచారానికి బలం కావాలంటే అబద్ధపు లెక్కలతో రాదు.

ఇప్పుడు కరుణశ్రీ ప్రశ్నకు మళ్ళీ రావాలి, ఎందుకంటే నా వాదన కోతకు ఇచ్చేది అనుమతి మాత్రమే, అదుపు ఆయన దగ్గర నేర్చుకోవాలి. మామిడి పూసేదీ కాసేదీ కొమ్మ చివళ్ళలోనే. చైత్రానికి పిందె పట్టిన రెమ్మ విరిస్తే ఆ కాపు పోయినట్టే. పిందె లేని లోపలి రెమ్మల ఆకులు, ఒక్కో గుమ్మానికి పదీ పదకొండూ, చాలు. బజారులో రెమ్మలకు రెమ్మలు కుప్పపోసి, అమ్ముడుపోనివి అదే సాయంత్రం మురుగుకాలవ పక్కన పారేయడం నాకు పూజగా కనబడదు. వేప సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. 2021 నుంచి తెలుగు రాష్ట్రాల్లో వేపచెట్లు చివళ్ళ నుంచి ఎండుతూ వచ్చాయి. ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం, తేయాకు దోమ దానికి కారణమని శాస్త్రజ్ఞులు చెప్పారు. చాలా చెట్లు మళ్ళీ చిగిర్చాయి గానీ దెబ్బతిన్న చెట్టుకు ఆ ఏటి చిగురే ఊపిరి. అలాంటి చెట్టు జోలికి వెళ్ళకూడదు. చారుకని కిందటేడు ఎండబెట్టి దాచిన వేపపువ్వు చాలా ఇళ్ళల్లో డబ్బాలో ఉంటుంది, ఉగాది పచ్చడికి అందులోంచి చిటికెడు వేసుకోవచ్చు. గుమ్మానికి వేప లేకుండా ఒట్టి మామిడాకులే కట్టి, ఎందుకు కట్టలేదని పిల్లలు అడిగితే వీధిలోని ఆ చెట్టును చూపిస్తే సరిపోతుంది.